సమితి టీచరు దానమ్మ

మధ్యాహ్నం అన్నాలు తిని మగవాళ్లు నడుం వాల్చిన వేళకి పంచాయతీ ఆఫీసు వసారాలోంచి కుట్టుమిషను చప్పుడు వచ్చేది. అది వినగానే మా వీధిలో ఒక్కొక్క తలుపే తెరుచుకునేది. చెంబులు బోర్లించి, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు బయలుదేరేవారు. ఆ చప్పుడు ఆగిపోయి ఏళ్లవుతోంది. ఇప్పటికీ ఆ వేళకి నా చెవి అటే పోతుంది.

మిషను తొక్కే మనిషి పేరు దానమ్మ. సన్నంచు తెల్లచీర, మెడలో కొలతల టేపు, పెదవుల మధ్య గుండుసూదులు. సూదులు తీయకుండానే మాట్లాడేది. ఆ మాటలు అలవాటైన వాళ్లకే అర్థమయ్యేవి. మాకు అలవాటయ్యాయి.

ఆమెది బాపట్ల. తండ్రి యేసుదాసు దొరల బంగళాలో వంటపని చేసేవాడు. దొరసానుల దగ్గర అయిదో తరగతి దాకా చదివి, కుట్టుపని నేర్చుకుంది. మా ఊరికి ఎడంగా ఉండే మాలపల్లెలో దేవసహాయానికి ఇచ్చి చేశారు. మా ఊరు రేపల్లె నుంచి అడవులదీవి వెళ్లే దారిలో ఉంటుంది. దేవసహాయం జ్వరంతో పోయాక ఆమె అత్త ఏసమ్మతో కలిసి నాట్లకీ కోతలకీ వెళ్లేది. "మా కోడలు చీరకి జేబులు కూడా కుట్టగలదు, అందులో వేసుకోటానికే ఏం లేదు" అని ఏసమ్మ చేలో అందర్నీ నవ్వించేది. కోడలు కూడా నవ్వేది.

అరవై రెండులో రేపల్లె పంచాయతీ సమితి నుంచి గ్రామసేవిక గారు వచ్చి మా ఊళ్లో మహిళామండలి పెట్టించారు. సమితి ఒక మిషను ఇస్తుందనీ, కుట్టు నేర్పే మనిషికి మండలి పేరు మీద జీతం ఇస్తుందనీ చెప్పారు. ఊరి పెద్ద భార్య కోటేశ్వరమ్మ గారిని అధ్యక్షురాలన్నారు. కుట్టు వచ్చినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. పల్లెలో దానమ్మ ఉందని ఎవరో చెప్పారు.

అప్పుడు వచ్చింది చిక్కు. కోటేశ్వరమ్మ గారి హాల్లో పెడితే దానమ్మ గడప దాటకూడదు. పల్లెలో చర్చి పక్క పాకలో పెడితే మా వీధి ఆడవాళ్లు అటు నడవరు. మా వీధి చివరింటి రంగమ్మత్తకి విసుగొచ్చింది. ఆమె వయసు మీరిన విధవ, నోటికి జంకు లేదు.

"పంచాయతీ ఆఫీసు వసారా లేదూ? అది సర్కారు గచ్చు. దాని మీద ఎవరు కూచున్నా ఎవరి కొంపా మైలపడదు" అంది.

అలా వసారా కుదిరింది. మొదట్లో దానమ్మ తన చాప తాను తెచ్చుకుని ఆ చివర కూచునేది. మేం ఈ చివర. కానీ జాకెట్టుకి చేతులు అతకటం అంత దూరం నుంచి ఎవరికి నేర్పగలరు? కొలతలు తీయాలంటే మనిషిని ముట్టుకోవాలి. మొదటిసారి టేపు పట్టుకుని ఆమె నిలబడింది, మేమంతా తలలు వంచుకున్నాం. రంగమ్మత్తే లేచింది.

"కొలవ్వే. నేనేం అరిగిపోను. అరిగితే కొంచెం మంచిదేగా, గుడ్డ కలిసొస్తుంది."

దానమ్మ నోట్లో సూదులు జారిపడేంతగా నవ్వింది. ఇంటికెళ్లి రంగమ్మత్త స్నానం చేసిందో లేదో ఎవరూ అడగలేదు. తర్వాత తర్వాత చాపలు దగ్గరికి జరిగాయి. పల్లె నుంచి రూతు, ఇంకొందరు పిల్లలు కూడా వచ్చి కూచునేవారు. ఒక చాప అంచు ఇంకో చాప మీదికి ఎక్కింది. ఏ రోజు ఎక్కిందో నేను గమనించలేదు. అన్నీ గమనిస్తుంటానని మా అమ్మ అంటుంది కానీ అది మాత్రం నాకు తెలియకుండానే జరిగిపోయింది.

వసారాలో అందరూ ఆమెని "టీచరుగారూ" అనేవారు. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక మళ్లీ "ఏమే దానమ్మా". ఆమె కూడా వసారాలో నన్ను "వసుంధరా" అని పిలిచి, వీధిలో ఎదురైతే "అమ్మాయిగారూ" అని పక్కకి తప్పుకునేది. నాకు వసారాలో పేరే ఇష్టంగా ఉండేది.

రేపల్లె హైస్కూలుకి బస్సులో పంపటం మా నాన్నకి ఇష్టం లేక నా చదువు ఎనిమిదితో ఆగింది. పుస్తకాల సంచీ మేకుకి వేలాడుతూ ఉండేది. పలక మీద గీసినట్టు గచ్చు మీద సుద్దతో జాకెట్టు గీసి, "ఇక్కడ వంపు ఎందుకొచ్చిందో చెప్పు" అని ఆమె అడిగితే, మళ్లీ నన్నెవరో ఏదో అడుగుతున్నారనే సంతోషానికి నాకు జవాబు వెంటనే వచ్చేది కాదు. ఆమె తొందరపెట్టేది కాదు.

నెలకోసారి గంజిపెట్టిన చీర కట్టుకుని జీతానికి రేపల్లె సమితి ఆఫీసుకి వెళ్లేది. తిరిగొచ్చాక డబ్బు సంగతి చెప్పేది కాదు. "కుర్చీ వేశారు వసుంధరా. 'కూచోండి టీచరుగారూ' అన్నారు" అనేది. ప్రతిసారీ అదే చెప్పేది, ప్రతిసారీ కొత్త సంగతిలా.

అరవై ఎనిమిదిలో గ్రామసేవిక గారు మొహం వేలాడేసుకుని వచ్చారు. ఆర్డరు వచ్చిందట. సమితి డబ్బు సంఘాలకి ఇవ్వటం తగ్గించమని పై నుంచి రాశారట. ఎక్కడో యువజన సంఘానికని ఇచ్చిన రేడియో అధ్యక్షుడి పడగ్గదిలో దొరికిందట. ఇంకెక్కడో మండలి మిషను మీద అధ్యక్షురాలి కూతురి పెళ్లిబట్టలు తప్ప మరేం కుట్టలేదట. ఇకనుంచి గుంటూరు ఆఫీసరు వచ్చి కళ్లారా చూసి, పదిమందికీ పనికొస్తున్నదని రాస్తేనే డబ్బు. ఎవరి సొంత ఇంట్లోనో నడిచే సంఘానికి పైసా ఇవ్వరు.

"నిజం చెప్పాలంటే ఆర్డరు మంచిదేనండి. అందరి డబ్బూ నలుగురి ఇళ్లలోకి పోతుంటే ఊరుకోవాలా? మీకు భయం దేనికి, మీరు రోజూ పని చేస్తున్నారుగా" అన్నారామె.

జీతం ఆగితే దానమ్మ మళ్లీ నాట్లకి వంగాలి, లేకపోతే ఊరొదిలి పోవాలి. అది మా అందరికీ తెలుసు. ఆ రోజు ఆమె పెదవుల మధ్య సూదులు ఉంచుకునే సాయంత్రం దాకా మిషను తొక్కింది.

ఆఫీసరు వచ్చే రోజు ఖాయమయ్యాక కోటేశ్వరమ్మ గారు అందర్నీ పిలిపించారు. ఆవిడ మనసు మంచిదే. దానమ్మ జీతం నిలవాలనే ఆవిడ తాపత్రయం.

"ఎప్పటిలాగే వసారాలో ఉంటే బాగుంటుందేమోనండి" అంది దానమ్మ మెట్టు కింద నిలబడి.

"గుంటూరు నుంచి జీపులో వచ్చే మనిషిని వసారాలో చాప మీద కూచోబెట్టమంటావా? ఊరి పరువేం కావాలి? చుట్టూ గుడ్డపేలికలు, పిల్లల ముక్కులు. చూసి ఏమనుకుంటాడు? మా హాల్లో కుర్చీలు వేయిద్దాం. టిఫిను నేను చూసుకుంటా."

అందరికీ సబబుగానే తోచింది. మా వైపు పెద్దమనిషి ఇంటికొస్తే పని మానేస్తాం. విస్తరి ముందు కూచోబెట్టి, ఇల్లు అద్దంలా ఉంచి, కొత్తచీరలు కట్టుకుంటాం. పని కనిపిస్తే లేమిడి అనుకుంటారని మా భయం. కుట్టి సగంలో ఉన్న జాకెట్లు, లంగాలు, పల్లె పిల్లలు నేర్చుకునే ముక్కలు అన్నీ మూటకట్టి అటక మీద పెట్టాం. మిషనుని ఎత్తుకొచ్చి హాల్లో మూలన పెట్టి, లేసుగుడ్డ కప్పి, దాని మీద పూలకూజా ఉంచాం. ముందురోజే వసారా మొత్తం ఊడ్చి, కడిగి, ముగ్గు పెట్టింది నేనూ రూతూ. గచ్చు మీద సుద్దగీతలు తుడుస్తుంటే రూతు ఒక్క చోట ఆగింది.

"ఇది నా జాకెట్టు చెయ్యి అక్కా. నిన్ననే గీసింది టీచరుగారు."

"మళ్లీ గీస్తారులే" అన్నాను.

ఆఫీసరు వచ్చిన రోజు దానమ్మ ఎక్కడ ఉండాలో ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఆమె పెరటి వైపు నీళ్లగాబు పక్కన నిలబడింది. పల్లె పిల్లలు ఆ రోజు రానే లేదు.

ఆఫీసరు సన్నటి మనిషి, కళ్లజోడు. మర్యాదగా నమస్కారం పెట్టి కూచున్నాడు. పెసరట్టు పెట్టారు. మేమంతా గోడవారన కొత్తచీరల్లో చేతులు కట్టుకుని కూచున్నాం. పేరంటానికి వచ్చిన వాళ్లలా ఉన్నాం.

"మండలి రోజూ ఇక్కడే జరుగుతుందాండీ?" అని అడిగాడు.

వసారా అని చెప్పటం కోటేశ్వరమ్మ గారికి నామోషీ అయింది. "మా ఇల్లే అనుకోండి బాబూ" అన్నారు.

రంగమ్మత్త నోరు తెరవబోయింది. కోటేశ్వరమ్మ గారి చూపు చూసి మూసుకుంది.

"నేర్పేవారెవరండీ?"

మా అందరి తలలూ పెరటి గుమ్మం వైపు తిరిగాయి. ఎవరో పిలిచారు. దానమ్మ వచ్చి గడపకి అవతల మెట్టు మీద నిలబడింది.

"లోపలికి రండమ్మా" అన్నాడాయన.

"ఇక్కడ బాగానే ఉందండి."

ఆయన గడప వంక చూశాడు. మా వంక చూశాడు. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"రోజూ అక్కడే నిలబడి నేర్పుతారా?"

"లేదండి. పంచాయతీ వసారాలోనండి. అందరం కలిసే కూచుంటామండి."

"మరి ఇవాళ?"

దానమ్మ చీరకొంగు సర్దుకుంది.

కోటేశ్వరమ్మ గారు మాట మార్చబోయి, "బాబుగారి పేరు అడగనేలేదు" అన్నారు.

"జ్ఞానానందమండి. మాదీ పల్లేనండి, పొన్నూరు దగ్గర" అన్నాడు.

ఆయన గొంతు పెంచలేదు. "నన్ను కూచోబెట్టిన చోట టీచరుగారిని ఎందుకు కూచోబెట్టలేదండీ?" అని మాత్రం అడిగాడు.

"మర్యాద కోసమే గదా బాబూ ఇదంతా" అన్నారు కోటేశ్వరమ్మ గారు. ఆవిడకి నిజంగా అర్థం కాలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరగటం నేను చూశాను.

వెళ్లేటప్పుడు ఆయన జీపు పంచాయతీ ఆఫీసు దగ్గర ఆపించాడు. వసారా ఎక్కి చూశాడు. కడిగిన గచ్చు, ఎండిన ముగ్గు. మూలల్లో వంగి చూశాడు, ఒక్క దారపుపోగైనా కనబడుతుందేమోనని. మేం అంత బాగా ఊడ్చాం.

నెల తిరక్కుండా సమితి నుంచి కాగితం వచ్చింది. మండలికి ఇచ్చే డబ్బు ఆపేశారు. మిషను రేపల్లెకి పంపమన్నారు.

ఆ ఆఫీసరు బాపట్లలో క్యాంపు వేశాడని తెలిసి దానమ్మ వెళ్తానంది. రంగమ్మత్త తోడొస్తానని, మా నాన్నని ఒప్పించి నన్నూ తీసుకెళ్లింది. ఇద్దరు ఆడవాళ్ల తరఫున కాగితాలు చదివి పెట్టటానికి నేను కావాలని చెప్పింది. బస్సులో దానమ్మ మాకు వెనక సీట్లో కూచుంది. బాపట్ల దగ్గరపడుతుంటే కిటికీలోంచి వాళ్ల నాన్న పనిచేసిన వైపు చూపించింది. "అక్కడ కుట్టు నేర్చుకున్నా" అంది, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు.

ట్రావెలర్స్ బంగళాలో ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించాడు. దానమ్మ కూచుంది. రంగమ్మత్త మాత్రం ఆఫీసరు ముందు కుర్చీ ఎక్కటానికి సిగ్గుపడి గుమ్మం దగ్గర నేలమీదే చతికిలబడింది.

"కుర్చీ దొరికిందిగా, అడుగు మరి" అని అక్కణ్నుంచి పోట్లాడింది.

"ఆర్డరు తప్పని అనటానికి రాలేదండి. మా వసారాలో అందరం ఒకేచోట కూచునేవాళ్లమండి. దానికి చాలా కాలం పట్టిందండి" అంది దానమ్మ.

"మీరు చెప్పేది నేను నమ్ముతున్నానమ్మా. కానీ నేను చూసింది రాశాను. చూడనిది ఎలా రాయను?"

"ఇంకోసారి వచ్చి చూడండి బాబూ. ఈసారి చిమ్మం" అంది రంగమ్మత్త.

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సంఘాలకి ఇవ్వటమే మానేస్తున్నారండి. ఇకమీదట సమితే తన టీచర్లని వేసుకుంటుంది. పదో తరగతి ప్యాసవ్వాలి. మీరు ఎంతవరకు చదివారమ్మా?"

దానమ్మ చెప్పింది. ఆమె కుర్చీలోంచి వెంటనే లేవలేదు. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు కూచుంది. ఆయన వెళ్లమని అనలేదు.

మిషనుని బండిలో ఎక్కించిన రోజు కోటేశ్వరమ్మ గారు ఇంట్లోంచి బయటికి రాలేదు. కానీ వారం తిరక్కుండానే ఆవిడ ఒక ఉపాయం ఆలోచించారు. సర్కారు ఇవ్వకపోతే ఏం, మనమే ఇద్దాం. కుప్పనూర్పుళ్లప్పుడు కళ్లాల్లో చాకలికీ మంగలికీ మేర కొలిచి ఇస్తాం గదా, అలాగే ఇంటికింత అని దానమ్మకీ వడ్లు కొలుద్దాం, కొత్త మిషను నేనే కొనిపెడతాను అన్నారు. ఇళ్లన్నీ ఒప్పుకున్నాయి. సమితి ఇచ్చిన దానికన్నా ఎక్కువే వచ్చేలా ఉంది. ఆ కబురు చెప్పటానికి నేనూ రంగమ్మత్తా పల్లెకి నడిచాం. మేం అటు నడవటం అదే మొదలు.

ఏసమ్మ నులకమంచం వాల్చి, దాని మీద దుప్పటి పరిచి, మమ్మల్ని కూచోమంది. దానమ్మ అంతా విని, "కోటేశ్వరమ్మ గారిది పెద్ద మనసండి" అంది.

"అయితే వస్తావుగా?"

"రానండి."

"అదేంటే? వడ్లు చేదా?"

"కళ్లం గట్టు మీద చాట పట్టుకుని నిలబడాలి గదండీ, ఎప్పుడు కొలుస్తారా అని. అలా నిలబడినదాన్ని మధ్యాహ్నం టీచరుగారూ అంటారా?"

"నేనంటాను" అంది రంగమ్మత్త.

"మీరంటారండి" అంది దానమ్మ.

ఏసమ్మ మాకు ముంత పట్టుకొచ్చి మజ్జిగ ఇవ్వాలా వద్దా అని చూస్తూ నిలబడింది. రంగమ్మత్త చెయ్యి చాపి తీసుకుని తాగింది. నేనూ తాగాను. అయినా దానమ్మ మనసు మారలేదు. పంట ఇళ్లకి చేరకముందే రేపల్లెలో బండెక్కి తెనాలి వెళ్లిపోయింది.

పదో తరగతి ప్యాసైన టీచరు రేపల్లె నుంచి కొన్నాళ్లు వచ్చింది. బళ్లో ఒక గది ఇచ్చారు. మంచి పిల్లే, బాగానే నేర్పేది. మా వీధి వాళ్లు ముందు బెంచీల్లో, పల్లె వాళ్లు వెనక బెంచీల్లో కూచునేవారు. బెంచీలు కదలవు. తర్వాత ఆ అమ్మాయికి వేరే ఊరు వేశారు. పంచాయతీ వసారాలో ఎరువుల బస్తాలు వేస్తున్నారు.

నాకు పెళ్లి మాటలు వస్తూ పోతూ ఉన్నాయి. ఈ ఏడు చుట్టాల పెళ్లికి బట్టలు కొనటానికి రంగమ్మత్తతో తెనాలి వెళ్లాను. కొట్లవాళ్లని అడిగి అడిగి దానమ్మని పట్టుకున్నాం. బజారు వెనక సందులో టైలరు కొట్టు. ముందు మగవాళ్లు మిషన్లు తొక్కుతున్నారు. వెనక, వెలుతురు కోసం తెరిచిన తలుపు దగ్గర, బల్ల మీద కూచుని ఆమె చొక్కాలకి కాజాలు కుడుతోంది. జుట్టు నెరిసింది. పెదవుల మధ్య సూదులు లేవు. కాజాలకి వాటితో పనిలేదు.

రంగమ్మత్త బట్టల కొట్టుకి వెళ్తూ నన్ను ఆమె దగ్గర వదిలింది. దానమ్మ అందర్నీ పేరుపేరునా అడిగింది. రూతు రెండో కాన్పుకి వచ్చిందని చెప్పాను. కోటేశ్వరమ్మ గారికి మోకాళ్లనొప్పులని చెప్పాను. నేనిప్పుడు చేత్తోనే కుడుతున్నానని చెప్పాను. ఎన్నాళ్లనుంచో దాచుకున్న మాట ఒకటుంది. కొట్టు ముందువైపు మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగినప్పుడు అనేశాను.

"మళ్లీ రారా టీచరుగారూ?"

ఆమె సూది ఆపింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"వస్తే ఎక్కడ కూచోమంటావు వసుంధరా?"

నేను ఊరంతా మనసులో తిరిగాను. కోటేశ్వరమ్మ గారి హాలు, ఆ గడప. మా ఇల్లు మా నాన్నది. బడిగదికి తాళం. పల్లెలో పాకకి నేనొక్కదాన్నీ వెళ్లగలనేమో, మిగతావాళ్లు రారు. వసారా ఉంది గానీ బస్తాలు ఎవరు తీయిస్తారు? తీసినా ఆ గచ్చు మాకు ఎవరిస్తారు?

ఆమె చాలాసేపు ఎదురుచూసింది. గచ్చు మీద వంపు గీసి అడిగినప్పుడు కూడా అలాగే చూసేది. కానీ ఈసారి నా దగ్గర జవాబు లేదని ఆమెకే ముందు తెలిసింది. బల్ల మీద కొంచెం జరిగి, నాకు చోటిచ్చి, దారం ఎక్కించిన సూదినీ ఒక చొక్కానీ అందించింది.

రేపల్లె బండి వేళయిందని రంగమ్మత్త వచ్చి పిలిచేదాకా, ఆమె పక్కన కూచుని కాజాలు కుట్టాను.